కల్లంలో చనిపోయిన రాజు

బుడమేరు పొంగి బెజవాడ మునిగిన ఏడు అది. వరద వానాకాలంలో వచ్చిపోయింది. నేను చెప్పేది ఆ తర్వాత ఎండలు ముదురుతున్న రోజుల సంగతి. సత్తెనపల్లికి ఇవతల మా ఊరు మెరక కాబట్టి మాకు ఆ నీళ్ళు రాలేదు. అయినా ఆ ఏడు ఏం జరిగినా వరద పేరుతోనే గుర్తు పెట్టుకున్నాం.

మిరపకాయ కోసి కల్లంలో పోశాం. నా కల్లమూ యలమంద కల్లమూ రోడ్డు వారన పక్కపక్కనే ఉంటాయి. రెండూ కలిపి కాయ పరిస్తే చూపు ఆనినంత మేర ఎరుపే. ఆ ఎరుపు కోసం ఇటలీ దేశం నుంచి ఒక పెద్దాయన సినిమా తీయడానికి వచ్చాడు.

ఆయన్ని తెచ్చింది సాదిక్. నా భార్య నస్రత్‌కు అక్క కొడుకు. హైదరాబాద్‌లో సినిమా కంపెనీలకు కావలసిన మనుషుల్నీ సామాన్లనీ చూసిపెట్టే పని చేస్తాడు. ఇంగ్లీషు వచ్చు. పెద్దాయనకూ కాస్త ఇంగ్లీషు వచ్చు. ఆయన అన్నది మాకూ, మేం అన్నది ఆయనకూ వాడే చెప్పేవాడు.

పెద్దాయన పేరు ఒరెస్తె. పేరు మొదట్లోనే 'ఒరే' ఉంది, ఎనభై ఏళ్ళ మనిషిని అట్టా ఎట్టా పిలుస్తామని ఊళ్ళో ఎవరూ ఆ పేరు పలకలేదు. ఇటలీ పెద్దాయన అనేవాళ్ళం. వాళ్ళ దేశంలో పేరున్న డైరెక్టరట. సినిమాలు తీశాడు. అంతకంటే ఎక్కువగా ఆపెరాలు ఆడించాడు.

"ఆపెరా అంటే ఏందిరా?" అని యలమంద అడిగాడు.

"మన పద్యనాటకం లాంటిది మామా. కాకపోతే మాటలుండవు, మొత్తం పాటే. చచ్చిపోతా కూడా పాడతానే ఉంటారు," అన్నాడు సాదిక్.

"మన దాంట్లో అంతకంటే ఎక్కువేగా. చచ్చినోడు వన్స్ మోర్ అంటే లేచి మళ్ళీ పాడి మళ్ళీ చస్తాడు."

ఆయన తీస్తున్నదీ అట్టాంటి ఆటనే. ముసలి రాజు చనిపోతాడు. మంచం మీద పడుకోబెడతారు. కూతురు వచ్చి పక్కన కూర్చుని పాడుతుంది. దేశమంతా నెత్తురు పారిందని తెలియడానికి నేల ఎర్రగా ఉండాలి. ఆయన రంగు పొయ్యనివ్వడు. ఎక్కడో ఒక ఫోటోలో మా కల్లాలు చూశాడట. ఇదే నా ఆఖరి సినిమా, ఇది ఆ నేల మీదే తీస్తానన్నాడట.

రాజు వేషానికి వాళ్ళ దేశం నుంచే ఒకాయన వచ్చాడు. కల్లంలో అడుగుపెట్టిన రోజునే ఘాటుకు కళ్ళు వాచిపోయి, గుంటూరు తీసుకుపోవలసి వచ్చింది. పెద్దాయన మా వైపు చూశాడు. యలమంద మీసం దువ్వుకున్నాడు. పెద్దాయన వేలు నా మీద ఆగింది.

"ఈయన కదలడు, మాట్లాడడు. వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను," అన్నాడని సాదిక్ చెప్పాడు.

ఇంట్లో చెబితే నస్రత్ ముందు వేళాకోళం చేసింది. "బతికుండగానే నోరు తెరవని మనిషి. శవం వేషానికి ఇంకెవరు దొరుకుతారు?" అంది. తర్వాత ఆమె మొహం మారింది. అన్నం గిన్నె పక్కన పెట్టి సాదిక్ దగ్గరికి పోయింది.

ఆమె అన్న బాజీ ఒకప్పుడు హైదరాబాద్‌లో సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేసేవాడు. ఒక సినిమాలో శవంగా పడుకున్నాడు. మన సినిమా వాళ్ళకొక పద్ధతి ఉంది. శవంగా పడుకున్న మనిషి లేచే ముందు, అదే చోట, అదే కెమెరాకు నవ్వాలి. ఆ నవ్వు తీశాకే లేవాలి. ఆ రోజు వాన వస్తోందని హడావుడిలో బాజీ నవ్వు తీయలేదు. ఆ ఏడు తిరక్కుండా బాజీ పోయాడు. లారీ గుద్దింది. నస్రత్ లెక్కలో చంపింది లారీ కాదు, తియ్యకుండా వదిలేసిన ఆ నవ్వు.

"మన మతంలో ఇట్టాంటివి లేవుగా పిన్నీ," అన్నాడు సాదిక్.

"మన దాంట్లో లేదు. మీ బాబాయి చచ్చేది మన దాంట్లోనా, సినిమాలోనా? సినిమాలో చచ్చినోడికి సినిమావాళ్ళ పద్ధతే చెయ్యాలి. నవ్వు తీస్తానంటే పంపిస్తా."

"తీస్తారు పిన్నీ. అడగాల్సిన పనే లేదు."

వాడు అబద్ధం చెప్పలేదు. సినిమా అన్నాక ఏ దేశంలోనైనా ఆ పద్ధతి ఉంటుందనే అనుకున్నాడు. అందుకే పెద్దాయనతో ఒక్క ముక్క కూడా అనలేదు.

మా ఇంటి నులకమంచమే కల్లం మధ్యలో వేసి పట్టుగుడ్డ కప్పారు. నాకు తెల్లగడ్డం అతికించి, కిరీటం గుండెల మీద పెట్టారు. కెమెరా ఇప్పటి రకం కాదు, రీలు పెట్టి తీసేది. రీళ్ళన్నీ వాళ్ళ దేశం నుంచి మోసుకొచ్చారు. ఇక్కడ అయిపోతే మళ్ళీ దొరకవు. అందుకని పెద్దాయన ఊరికే తీయడు. మంచం చుట్టూ తిరుగుతాడు, కూర్చుంటాడు, మళ్ళీ తిరుగుతాడు. ఎంతకో చెయ్యెత్తుతాడు.

కూతురి వేషం వేసిన అమ్మాయి వచ్చి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. పాట పెట్టెలోంచి వస్తోంది. ఆమె దాంతోపాటే గొంతెత్తి పాడింది. కళ్ళు మూసుకుని ఉన్నాను కాబట్టి నేను ఏమీ చూడలేదు. నా చేతి మీద రెండు చుక్కలు పడ్డాయి. ఘాటుకు వచ్చిన నీళ్ళో, ఏడుపో తెలియలేదు. మాట అర్థం కాలేదు గానీ, ఆ పిల్ల తండ్రిని లెమ్మంటోందని తెలుస్తూనే ఉంది. కదలకుండా ఉండడం అప్పుడు కష్టమైంది.

పాట అయిపోయింది. పెద్దాయన ఏదో అన్నాడు. వెంటనే యలమంద వేళ్ళు నోట్లో పెట్టి పెద్ద ఈల వేశాడు. వాడితోపాటు గట్టు మీద ఉన్న జనమంతా ఈలలు.

ఈలలు ఆగాక చూస్తే పెద్దాయన లేడు. కారులో పోయి తలుపేసుకుని కూర్చున్నాడు. సాదిక్ పరిగెత్తి కనుక్కొచ్చాడు. వాళ్ళ దేశంలో ఆపెరా నచ్చకపోతే ఈల వేస్తారట. వయసులో ఉన్నప్పుడు పెద్ద పట్నంలో ఆయన ఆడించిన ఆటకు పై అంతస్తు మెట్ల మీద కూర్చున్న జనం తెరపడే దాకా ఈలలు వేశారట. ఆయన వెనక తలుపులోంచి పారిపోయి, ఒక రొట్టెల బట్టీలో తెల్లారేదాకా కూర్చున్నాడట.

"ఒరేయ్, మెచ్చుకుని వేశామని చెప్పరా! మావాళ్ళు బాగుంటేనే ఈలేస్తారు, బాగోకపోతే లేచిపోతారని చెప్పు," అని యలమంద కారు దాకా పోయి అద్దం కొట్టాడు. పెద్దాయన అద్దం దించి విని, కాసేపు యలమంద మొహంలోకి చూసి, దిగి వచ్చాడు. మంచి మనిషి. ఈల ఇంకోసారి వెయ్యమన్నాడు. యలమంద వేశాడు.

ఈ గొడవంతా అయ్యేదాకా నేను మంచం మీదే ఉన్నాను. సామాను సర్దుతున్న చప్పుడు విని లేవబోయాను.

"లేవకు!"

నస్రత్ కేక. టీ చెంబు పట్టుకుని గట్టు దిగి వస్తోంది. "నవ్వు తియ్యలేదు. ఏందిరా సాదిక్, అట్టా నిలబడ్డావు? చెప్పు పెద్దాయనకి."

సాదిక్ అప్పుడు చెప్పాడు. పెద్దాయన విని తల అడ్డంగా ఊపాడు. కోపం లేదు. రీలు ఒక్క ముక్కే మిగిలింది, అది రేపు పొద్దుటికని చెప్పాడు. తెల్లవారి ఎండ మొదటిసారి కల్లం మీద పడేటప్పుడు ఖాళీ మంచం తీయాలి. అదే సినిమా చివర. అది తీసి మధ్యాహ్నం విమానం ఎక్కాలి.

"అయితే ఈయన రేపటిదాకా ఇక్కడే పడుకుంటాడు," అంది నస్రత్.

"ఫోన్‌లో తీద్దాం పిన్నీ. ఇప్పుడే తీస్తా."

"చచ్చింది ఆ కెమెరా పెట్టెలో. నవ్వాల్సిందీ ఆ పెట్టెలోనే."

సాదిక్ పెద్దాయన దగ్గరికి పోయి చిన్నగా ఏదో అన్నాడు. పెద్దాయన గట్టిగా ఒకే మాట అన్నాడు. సాదిక్ తల దించుకున్నాడు. రీలు లేకుండా ఊరికే కెమెరా తిప్పి ఆమెను నమ్మిద్దామన్నానని వాడు నాకు తర్వాత చెప్పాడు. మోసపోవడానికని టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ళనే మోసం చేశాను గానీ ఇట్టాంటి మనిషిని చెయ్యను అన్నాడట ఆయన.

పెద్దాయన ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని నస్రత్ ఎదురుగా కూర్చున్నాడు. సాదిక్ మధ్యలో నిలబడ్డాడు.

"మా దగ్గరా ఇట్టాంటిది ఉందమ్మా అంటన్నాడు పిన్నీ. ఆపెరాలో చచ్చిపోయినవాళ్ళు, తెర పడ్డాక లేచి జనం ముందుకు వచ్చి వంగి దండం పెడతారంట. మేం చచ్చిపోలేదు, బాగానే ఉన్నామని. బాబాయితో అట్టా దండం పెట్టిస్తే చాలదా అంటన్నాడు. దానికి రీలు అక్కర్లేదంట."

నస్రత్ ఆలోచించింది. నాకు నడుము లాగేస్తోంది. ఒప్పుకుంటే బాగుండునని అనుకున్నాను.

"అట్టా దండం పెట్టినవాళ్ళు చల్లగా ఉన్నారా, అడుగు."

సాదిక్ అడిగాడు. పెద్దాయన చేతిలో టీ గ్లాసు ఉంది. అందులోకి చూస్తూ నెమ్మదిగా చెప్పాడు. ఆయన భార్య పాడే మనిషి. ఆయన ఆడించిన ఆటల్లో ఎన్నోసార్లు చనిపోయింది. క్షయ వచ్చి, కత్తి దిగి, విషం తాగి. ప్రతిసారీ తెర పడ్డాక వచ్చి దండం పెట్టేది, ఆయన పక్కనుంచి చూసేవాడు. ఆఖరికి మామూలుగా ఆసుపత్రిలో, ఆయన బయట మందులు తేబోయినప్పుడు పోయింది. ఎక్కువ వయసేం కాదు.

సాదిక్ చెప్పడం అయిపోయింది. నస్రత్ కొంగుతో మొహం తుడుచుకుంది.

"దండం చాల్లేదన్నమాట," అంది. దెప్పడానికి కాదు. ఉన్నమాట చెప్పినట్టు అంది.

ఆ మాట సాదిక్ చెప్పనా మాననా అని తటపటాయించి, చెప్పాడు. పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. కల్లం చివరికంటా చూశాడు, రేపు పొద్దున సూర్యుడు రావలసిన వైపు. కెమెరా మనిషిని పిలిచి మిగిలిన ముక్క ఎక్కించమన్నాడు. ఆ మనిషి ఏదో వాదించబోయాడు. పెద్దాయన చెయ్యెత్తాడు. అంతే.

ఇక నా నవ్వే మిగిలింది.

నేను నవ్వని మనిషిని. ఏడ్చే మనిషినీ కాదు. నాకు లోపల ఉంటుంది, మొహం దాకా రాదు. సాదిక్ నవ్వు బాబాయ్ అన్నాడు. పెదాలు లాగాను.

"అది నవ్వా? పన్ను పీకించుకోబోయే మొహం," అంది నస్రత్.

"వాడు పెళ్ళినాడే నవ్వలేదమ్మా. నీ పక్కన దొంగతనంలో పట్టుబడినోడిలా నిలబడ్డాడు," అన్నాడు యలమంద.

పెద్దాయన కూడా ఒప్పుకోలేదు. ఉన్నది ఒక్క ముక్క. దొంగ నవ్వు మీద దాన్ని పాడుచేయను, నిజం నవ్వు వచ్చేదాకా కెమెరా తిప్పొద్దన్నాడు. కుర్చీ నా మంచం దగ్గరికి జరుపుకున్నాడు. పొద్దు వాలుతోంది. ఎండ పోతే కెమెరాకు చాలదు. యాభై ఏళ్ళు జనాన్ని ఏడిపించడమే నేర్చుకున్నాను, చూద్దాం అన్నాడట. అని తన బతుకంతా చెప్పడం మొదలుపెట్టాడు.

వాళ్ళది పెద్ద నది పక్క పల్లం. వరి పండుతుంది. మన పొన్నూరు లాంటిదనుకో అన్నాడు సాదిక్. వాళ్ళ నాన్న ఊళ్ళో ఆపెరా హాలులో ఉరుము వాయించేవాడు. పెద్ద ఇనపరేకు వేలాడదీసి ఊపితే ఉరిమినట్టే ఉంటుంది. ఒకనాడు పిల్లా పిల్లగాడూ చంద్రుణ్ణి చూస్తూ పాడుకుంటుంటే, ఆయన కునుకుపట్టి ఆ రేకు మీద పడ్డాడు. పాడే పిల్లగాడు జడుసుకుని పిల్ల వెనక దాక్కున్నాడు.

గట్టు మీద అందరూ నవ్వారు. రేకు మీద పడ్డాయన పని ఉంచారా తీశారా అని నాకు అనుమానం వచ్చింది. అడగలేదు.

పెద్దాయన మొదటిసారి ఆడించిన ఆపెరాలో హీరో లావు మనిషి. కత్తిపోటుకు చచ్చి పడిపోయాడు. వెనక అట్టతో కట్టిన కోట తలుపు గాలికి తెరుచుకుంది. తలుపు వెనక పనివాళ్ళు కూర్చుని అన్నం తింటున్నారు. చచ్చిన హీరో పడుకునే కాలు చాపి తలుపు మూశాడు. అప్పుడు జనం కొట్టిన చప్పట్లు ఆ తర్వాత ఏ పాటకూ రాలేదట.

యలమంద కడుపు పట్టుకున్నాడు. నేను ఆ తలుపుకు గడియ పెట్టాల్సింది అనుకున్నాను.

మొదటి సినిమా తమ ఊరి పొలాల్లోనే తీశాడు. దట్టంగా మంచు ఉండాలి. మంచు కోసం జనాన్నంతా పెట్టుకుని నెలల తరబడి ఎదురు చూశాడు. ఆ ఏడు మంచే పడలేదు. చివరికి తడిగడ్డి తగలేసి ఆ పొగలో తీశాడు. సినిమా ఆడే మొదటి రోజు అసలు మంచు పడింది. ఎంత పడిందంటే, చూడ్డానికి బయల్దేరినవాళ్ళు హాలు కనపడక ఇళ్ళకు తిరిగిపోయారు.

"ఇప్పుడైనా నవ్వయ్యా," అంది నస్రత్.

"పూత మీద పడిందా, కాయ మీదా?" అన్నాను.

"ఏంది?"

"మంచు."

సాదిక్ అది ఇంగ్లీషులో చెప్పాడు. పెద్దాయన నోరు తెరిచి నన్నే చూశాడు. తలమీద చెయ్యి పెట్టుకున్నాడు. కుర్చీలోంచి లేచాడు. ఇంత పేరున్న పాటగాళ్ళకు ఎట్టా చావాలో నేనే పడుకుని చూపించాను, ఎట్టా నవ్వాలో ఈయనకు చూపించలేనా అన్నాడు. అని చెప్పులు విడిచి, నా మంచం పక్కనే మిరపకాయల మీద వెల్లకిలా పడుకున్నాడు. చేతులు గుండెల మీద పెట్టి కళ్ళు మూశాడు. ఎంత బాగా చచ్చిపోయాడంటే గట్టు మీద జనం మునికాళ్ళ మీద లేచి చూశారు. ఒకటి రెండు క్షణాలు నాక్కూడా భయం వేసింది.

తర్వాత కళ్ళు తెరిచి, చూశావా ఇట్టా, అన్నట్టు లేవబోయాడు.

"లేవకండి!" అని అరిచింది నస్రత్.

పెద్దాయన సగం లేచి ఆగిపోయాడు.

"మీరూ పడుకుంటిరే! కెమెరా ముందు శవంలా పడుకుంటిరే! ఇప్పుడు మీకూ తియ్యాలిగా నవ్వు. ఉన్నది ఒక్క ముక్కాయె. ఒరేయ్ సాదిక్, లేవొద్దని చెప్పరా!"

సాదిక్ చెప్పే పని లేకపోయింది. అంతమందిని కూర్చోమని, నిలబడమని, చావమని చెప్పిన మనిషి, ఆమె వేలు చూసి, బడిలో పంతులు కసిరితే పిల్లాడు సర్దుకున్నట్టు మెల్లిగా వెనక్కి వాలి పడుకున్నాడు. చేతులు మళ్ళీ గుండెల మీద పెట్టుకున్నాడు. తల తిప్పి నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఒకరు మంచం మీద, ఒకరు కాయ మీద.

నాకు నవ్వొచ్చింది.

ముందు పొట్టలో కదిలింది. ఆపబోతే మంచం కిర్రుమంది. కిరీటం జారి ఆయన మీద పడింది. దాంతో నా వల్ల కాలేదు. అతికించిన గడ్డం ఊడి నోట్లోకి వచ్చేదాకా నవ్వాను. నన్ను చూసి ఆయన మొదలుపెట్టాడు. ఆయన నవ్వు పెద్దది, గొంతెత్తి పాడినట్టు ఉంది. నవ్వుతూనే కెమెరా మనిషికి చెయ్యి ఊపాడు. ఆ మనిషి అప్పటికే తిప్పుతున్నాడు. రీలు టపటపమని కొట్టుకుని ఆగిపోయేదాకా తిప్పాడు.

"పడిందా?" అని నస్రత్ అడిగింది.

"పడింది పిన్నీ."

"ఇద్దరిదీనా?"

"ఇద్దరిదీ."

"అయితే లేవండి. టీ చల్లారిపోయింది, మళ్ళీ పెట్టుకొస్తా," అని చెంబు తీసుకుని పోయింది. గట్టు ఎక్కుతూ ఒకసారి ఆగి వెనక్కి చూసింది. మేమిద్దరం లేచి కూర్చున్నామని చూసుకుని పోయింది. ఆ మనిషి భుజాలు అంత తేలిగ్గా ఉండడం బాజీ పోయాక నేను చూడలేదు.

మర్నాడు చీకటి విడిచే వేళకు కల్లానికి పోయేసరికి రోడ్డు మీద కారు ఉంది. పెద్దాయన ఒక్కడే మంచం పట్టె మీద కూర్చుని ఉన్నాడు. కెమెరా లేదు. నేను రెండో పక్కన కూర్చున్నాను. సాదిక్ కారులో నిద్రపోతున్నాడు కాబట్టి మాట్లాడే వీలు లేదు, మాట్లాడేదీ లేదు. తూర్పున తెల్లబడి, తర్వాత ఎండ వచ్చింది. ముందు యలమంద కల్లం అంటుకుంది, తర్వాత నాది. కాయ కాయకూ వేరే నీడ పడింది. ఎండ మా పాదాల దాకా వచ్చింది. రోజూ వచ్చేదే. నేను ఎప్పుడూ కూర్చుని చూడలేదు.

ఆయన నా భుజం తట్టి లేచాడు. కారు దాకా వెంట నడిచాను. కారు పోయింది.

వెనక్కి వచ్చి మంచం ఎత్తి గట్టు మీద పెట్టాను. షూటింగ్ వాళ్ళు కదపొద్దన్నందుకు రెండు రోజులుగా కాయ తిరగెయ్యలేదు. అడుగున చెమ్మ పట్టి ఉంది. చెప్పులు విడిచి కల్లంలో దిగి, ఒక చివర నుంచి కాలితో తిరగేసుకుంటూ పోయాను.